గత్కా, ఆత్మరక్షణ నేర్చుకునేటప్పుడు ఒంటికి ఏ బట్ట, కాలికి ఏ జోడు?



గురుద్వారా సాహిబ్‌లో గత్కా క్లాసు మొదలుపెడుతున్నామని చెప్పిన రోజున తల్లిదండ్రులు మొదట అడిగేది కర్ర గురించి కాదు, దెబ్బల గురించీ కాదు. "డ్రెస్సుకు ఎంతవుతుంది జీ?" అని అడుగుతారు. కొలిమి పనితోనో, బక్కెట్లు, తాళాలు, కత్తులు అమ్మిన డబ్బుతోనో నడిచే ఇంట్లో, అందులోనూ ముగ్గురు పిల్లలున్న ఇంట్లో, అది అడగవలసిన ప్రశ్నే. దానికి సూటిగా జవాబు చెప్పేవారు లేక కొందరు పిల్లలు రెండో వారానికే రావడం మానేస్తారు. ఫోనులో వీడియోలు చూసి, నీలం చోలా, పెద్ద దుమాలా, నడుముకు కేసరీ కమర్‌కస్సా కొంటేనే గత్కా అనుకుంటారు. ఆడపిల్లల విషయంలో ఇంకో అడ్డు ఉంది. టీషర్టు, ట్రాక్ ప్యాంటు వేసుకోవాలంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. పన్నెండు పదమూడేళ్లు వచ్చేసరికి, అంటే బస్సెక్కి దూరం స్కూలుకు ఒంటరిగా వెళ్లడం మొదలయ్యే వయసుకి, సరిగ్గా అవసరమైనప్పుడే, పిల్ల క్లాసు మానేస్తుంది.

అందుకని ముందే చెబుతున్నాను. గత్కా నేర్చుకోవడానికి కొత్తగా కొనవలసిన బట్ట ఒక్కటి కూడా లేదు. నీలం బాణా నగర్ కీర్తన్‌లో, పోటీల్లో అందంగా ఉంటుంది. రోజువారీ సాధనకు ఇంట్లో ఉన్న సల్వార్ కమీజ్, కుర్తా పైజామా, పాత స్కూలు ప్యాంటు చాలు. డబ్బు ఖర్చు పెట్టవలసి వస్తే ఒక్క బూట్ల మీదే పెట్టాలి. అదీ అందరికీ అక్కర్లేదు.

కచ్ఛెరా కుట్టులో ఉన్న తెలివి

గురు అంగద్ దేవ్ జీ ఖడూర్ సాహిబ్‌లో మల్ల అఖాడా పెట్టి పిల్లల చేత, పెద్దల చేత కుస్తీ పట్టించారు. గురు హర్‌గోబింద్ సాహిబ్ 1606లో గురుగద్దీ మీద కూర్చున్నప్పుడు మీరీ, పీరీ అనే రెండు కత్తులు ధరించారు. 1699 వైశాఖిన ఆనంద్‌పూర్ సాహిబ్‌లో దశమేశ్ పితా ఖాల్సాను ప్రకటించారు. అప్పటినుంచి సిక్కు బట్ట కదలడానికి అనువైన బట్ట. ఇది గర్వం కోసం అంటున్న మాట కాదు, కుట్టు చూస్తే తెలిసే సంగతి. కచ్ఛెరాను ఒకసారి తిరగేసి చూడండి. రెండు కాళ్లూ కలిసే చోట దర్జీ విడిగా ఒక గుడ్డముక్క వేస్తాడు. దాన్నే మియానీ అంటాం. సల్వార్‌కూ అదే ఉంటుంది. కాళ్లు ఎంత దూరం చాపినా లాగేది ఆ ముక్కే గాని కుట్టు కాదు. పైంత్రా వేసేటప్పుడు ఒక కాలు ముందు, ఒక కాలు వెనక, మోకాళ్లు వంచి, నడుము దించి నిలబడతాం కదా, అప్పుడు దాని విలువ తెలుస్తుంది. జీన్స్‌కు ఆ ముక్క ఉండదు. నాలుగు కుట్లూ ఒకే చోట కలుస్తాయి. లోతుగా అడుగు వేస్తే కుట్టు పగులుతుంది, పగలకపోతే మోకాలి దగ్గర బట్ట పట్టేసి అడుగు పొట్టిదవుతుంది. అడుగు పొట్టిదైతే దెబ్బ తగిలే చోటే నిలబడి ఉంటాం.

బట్ట సరిపోతుందో లేదో చూడటానికి గురువు అక్కర్లేదు. తొడుక్కుని గొంతుక్కూర్చోండి. లేచి, ఒక కాలు ముందుకు బాగా చాపి మోకాలు వంచండి. తరువాత రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తండి. కూర్చున్నప్పుడు తొడ దగ్గర బిగిసినా, చేతులెత్తినప్పుడు చొక్కా నడుము పైకి లేచిపోయినా ఆ బట్ట వద్దు. చంకల్లో బిగిసే చొక్కాతో కర్ర తిప్పితే భుజం సగంలోనే ఆగిపోతుంది. పిల్లవాడికి రావడం లేదని మనం అనుకుంటాం, తప్పు చొక్కాది.

మరీ వదులు కూడా మంచిది కాదు. మోకాలి కిందికి జారే చోలాతో కర్ర తిప్పడం మొదట్లో నేర్చుకునేవాళ్లకు చిక్కు. కర్ర కొస గుడ్డలో దూరుతుంది. చేతులు వెడల్పుగా ఉంటే మోచేతి వరకు మడవండి. పైజామా మడమల కింద పడుతుంటే అడుగున రబ్బరు వేయించండి.

నూలు బట్ట మేలు. చెమట పీలుస్తుంది, మన ఎండలకు అదే తగినది. మన ఇళ్లలో దీనికి ఇంకో కారణం ఉంది. పొద్దున్న కొలిమి దగ్గరో, వెల్డింగ్ మిషను దగ్గరో నాన్నకు సాయం చేసి, అదే బట్టతో సాయంత్రం క్లాసుకు వచ్చే అబ్బాయిలు చాలామంది. పాలిస్టర్ టీషర్టు మీద నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. నూలు బట్ట కాలి చిల్లు పడుతుంది గాని అలా అంటుకోదు. అందుకని మెరిసే స్పోర్ట్స్ టీషర్టు కొలిమి దగ్గరికి వద్దు. కొలిమి బట్ట క్లాసుకూ వద్దు. గ్రైండర్ దగ్గర ఎగిరే ఇనుప రజను చొక్కాలో, జేబుల్లో, ప్యాంటు మడతల్లో చేరుతుంది. జోడీగా పట్లు నేర్చుకునేటప్పుడు ఎదుటివాడి ముఖం మన భుజానికి రాసుకుంటుంది. ఆ రజను వాడి కంట్లో పడుతుంది. ఇనుప రజను కంట్లో పడితే ఏమవుతుందో మన వాళ్లకు చెప్పనవసరం లేదు. క్లాసుకు వచ్చే ముందు బట్ట మార్చుకుని, చేతులూ ముఖమూ కడుక్కుని రావాలి.

కమర్‌కస్సా కట్టుకునేవారు ముడిని నడుము పక్కన వేయండి. వెన్ను మీద వేస్తే వెల్లకిలా పడినప్పుడు ఆ ముడి వెన్నుపూసకే గుచ్చుకుంటుంది. కొసలు లోపలికి దోపేయాలి. వేలాడే కొస ఎదుటివాడికి పట్టు ఇస్తుంది.

దస్తార్, కడా, కిర్పాన్

చిన్నపిల్లలకు పట్కా, పెద్దవారికి సాధనకు చిన్న కేస్కీ సరిపోతుంది. జూడా గట్టిగా నడినెత్తిన ఉండాలి. వెనక్కి జారితే పల్టీ కొట్టినప్పుడు మెడ నొక్కుకుంటుంది. గుడ్డ నిలవడానికి పిన్నీసులు గుచ్చకండి. దెబ్బ తగిలితే పిన్నీసు తెరుచుకుని నెత్తిలోకి దిగుతుంది. గట్టిగా కట్టిన దస్తార్ చిన్న దెబ్బను ఆపుతుంది, నిజమే. అది హెల్మెట్ మాత్రం కాదు, ఆ ధైర్యంతో పిల్లలు తల అడ్డం పెట్టకూడదు. ఆటలో ఎవరి దస్తార్ అయినా కదిలితే ఇద్దరూ అక్కడే కర్ర దించాలి. సరిచేసుకున్న తరువాతే మళ్లీ ఫతే పలికి మొదలుపెట్టాలి.

కడా తీయనక్కర్లేదు. బరువైన, వదులైన కడా జోడీదారు వేళ్లకు తగులుతుంది కాబట్టి దాన్ని కొంచెం పైకి జరిపి, మీద నూలుగుడ్డ పట్టీ రెండు చుట్లు చుట్టండి, లేదా టెన్నిస్ ఆడేవాళ్లు వేసుకునే మణికట్టు పట్టీ తొడగండి. గాజు గాజులు, ముక్కుపుడక, చెవికి వేలాడేవి, ఉంగరాలు ఇంట్లో పెట్టి రావాలి. ఉంగరం ఉన్న వేలు కర్రకూ ఫరీకీ మధ్య పడితే వాచిన వేలినుంచి ఉంగరం రాదు, కోయవలసి వస్తుంది.

అమృత్‌ధారీ సింగ్‌లు, సింగ్‌ణీలు కిర్పాన్‌తోనే సాధన చేస్తారు. కిర్పాన్ కకార్. సాధనకు వాడే సామాను కాదు, దాన్ని బయటికి తీసే పని క్లాసులో ఉండదు. గాత్రా వదులుగా ఉంటే పరుగులో కిర్పాన్ ఊగి పక్కటెముకలకు కొడుతుంది. గాత్రా పొట్టి చేసుకుని, కుర్తా లోపల వేసుకుని, పైన కమర్‌కస్సా బిగిస్తే కదలదు. కిర్పాన్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి పడటం నేర్చుకునేటప్పుడు కుడివైపుకే పడాలి. ఒర గురించి మనకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరు? సైకల్ అంటే మెరుగుపెట్టడం, ఆ పనితోనే మనకు సికిలీగర్ అనే పేరు వచ్చింది. అయినా మన పిల్లల కిర్పాన్లే కొన్ని వదులు ఒరల్లో కనిపిస్తాయి. ఒరతో సహా తలకిందులు చేసి రెండుసార్లు విదిలించండి. జారితే ఆ ఒర మార్చేదాకా పిల్లవాణ్ణి పల్టీలకు పంపకండి. తాతగారు ఇంట్లో ఉంటే అరగంట పని.

స్కూల్లో కరాటే, తైక్వాండో నేర్పే చోట మాస్టరు పట్కా తీయమంటే, కడా తీయమంటే ఏం చేయాలని అడుగుతుంటారు. ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు సమగ్ర శిక్ష కింద ఆత్మరక్షణ శిక్షణ ఇస్తున్నారు, మన పిల్లలు కూడా అందులో ఉన్నారు. పిల్లను ఒక్కదాన్నే వాదనకు పంపకండి. అమ్మో నాన్నో వెళ్లి, నెమ్మదిగా మాట్లాడాలి. పట్కాలో పిన్నులు లేవని చూపించండి, కడాకు పట్టీ చుట్టి చూపించండి. చాలామంది మాస్టర్ల భయం దెబ్బ తగులుతుందనే గాని మన ధర్మం మీద కోపం కాదు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ 2014లో, బాస్కెట్‌బాల్ సంస్థ 2017లో తలపాగాతో ఆడటానికి నియమాలు మార్చాయి. ఆ సంగతి చెప్పవచ్చు. గత్కా కూడా ఇప్పుడు ఒక మూల ఆట కాదు. పంచకులలో 2022లో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో, గోవాలో 2023లో జరిగిన జాతీయ క్రీడల్లో అది ఉంది.

బీబీలతో ఒక మాట

టీషర్టు, ట్రాక్ ప్యాంటు ఇష్టం లేకపోతే వద్దు. దాని కోసం క్లాసు మానిపించకండి. మియానీ ఉన్న సల్వార్, మోకాలి దాకా ఉండి రెండు పక్కలా చీలిక ఉన్న కమీజ్, తలకు కేస్కీ ఉంటే ట్రాక్ ప్యాంటు కంటే కదలిక బాగుంటుంది. లెగ్గింగ్ బిగుతైనా సాగుతుంది, దాని మీద పొడుగు కమీజ్ వేసుకున్నా సరే. కింద కచ్ఛెరా ఎలాగూ ఉంటుంది. లోపల మామూలు బ్రా కంటే గుంజి పట్టే స్పోర్ట్స్ బ్రా ఒకటి ఎదిగే పిల్లలకు కొనిపెట్టండి. దాని సంగతి సిగ్గుతో ఎవరూ చెప్పక, దూకినప్పుడల్లా ఇబ్బంది పడి మానేసిన అమ్మాయిలు ఉన్నారు. నెలసరి రోజుల్లో ముదురు రంగు సల్వార్ వేసుకుని రావచ్చు, ఒంట్లో బాగాలేకపోతే పక్కన కూర్చుని పైంత్రా చూడవచ్చు. ఈ మాటలు అమ్మాయిలకు చెప్పడానికి ప్రతి క్లాసులో ఒక పెద్ద బీబీజీ ఉండటం మంచిది. నాలాంటి మగవాళ్లు చెబితే వాళ్లు తల దించుకుంటారు.

అబ్బాయిలకు కూడా ఒక మాట. కర్రతో జోడీ ఆట మొదలయ్యాక క్రికెట్ ఆడేవాళ్లు పెట్టుకునే గార్డు కచ్ఛెరా లోపల పెట్టుకోవాలి. కళ్లద్దాలున్నవారు అద్దాలు తీసి దూరం నుంచి సాధన చేయాలి, లేదా వెనక పట్టీ ఉండి, పగలని ప్లాస్టిక్ అద్దం ఉన్నవి పెట్టుకోవాలి.

ఇక దుపట్టా. క్లాసులో దాన్ని మెడకు చుట్టుకోకూడదు. వెనకనుంచి ఎవరు లాగినా అది ఉరి అవుతుంది. ఛాతీ మీదుగా అడ్డంగా వేసి, నడుము పక్కన ముడి వేస్తే చాలు. కాని నేర్చుకున్నది పనికివచ్చేది గురుద్వారా సాహిబ్ అంగణంలో కాదు. సాయంత్రం ఏడింటికి బస్సు దిగి సందులోకి నడిచేటప్పుడు ఒంటి మీద ఉండేది కాలేజీ డ్రెస్సు, భుజాన బ్యాగు, మెడలో దుపట్టా, కాళ్లకు చెప్పులు. అందుకే నెలకు ఒక రోజు అందరూ రోజూ బయటికి వెళ్లే బట్టతోనే క్లాసుకు రావాలి. బ్యాగుతో సహా. ఆ రోజు దుపట్టా పట్టి లాగితే మెడకు బిగియకముందే చేయి లోపల ఎలా పెట్టాలి, వదిలేసి ఎలా జారిపోవాలి అన్నది నేర్పాలి. జారిపోవడానికి వీలుగా దుపట్టాను భుజం దగ్గర పిన్నీసుతో గుచ్చకపోవడం మేలు. బ్యాగు ఒక భుజాన వేలాడేది అయితే, అవసరం పడినప్పుడు వదిలేయవచ్చు. ప్రాణం ముందు బ్యాగు ఎంత?

కాళ్ల సంగతి

గురుద్వారా సాహిబ్‌లో గత్కా చెప్పులు విడిచే ఆడతారు. శస్త్రాలను సింగారించి పెట్టిన చోట, నేలకు నమస్కరించి మొదలుపెట్టే చోట బూట్ల ప్రసక్తి లేదు. పాదానికీ అది మంచిదే. అరికాలికి నేల తెలుస్తుంది, వేళ్లు విప్పారి పట్టు దొరుకుతుంది, ఏ కాలి మీద బరువుందో పిల్లవాడికి వెంటనే అర్థమవుతుంది. చాప మీద, మట్టి నేల మీద, నీడలో ఉన్న బండల మీద ఒట్టికాళ్లే నా ఓటు. తడిసిన పాలరాయి మీద, మధ్యాహ్నం ఎండలో కాలిన సిమెంటు మీద వద్దు. అలాంటప్పుడు వేళ మార్చుకోవాలి.

మన బస్తీల్లో ఒక ప్రమాదం వేరేచోట ఉండదు. ఇంటిముందే పని చేస్తాం కాబట్టి సందులో, ఖాళీ జాగాలో ఇనుప చుట్టలు, మేకు ముక్కలు, వెల్డింగ్ నుంచి రాలిన ముద్దలు మట్టిలో కలిసి ఉంటాయి. చీపురుకు అన్నీ రావు. పాత లౌడ్‌స్పీకర్‌లోని అయస్కాంతం తీసి, తాడు కట్టి, క్లాసుకు ముందు ఆ జాగా అంతా నేల మీద ఈడ్చుకుంటూ తిరగండి. అయిదు నిమిషాల్లో దానికి ఎంత అంటుకుంటుందో చూస్తే పిల్లలను మళ్లీ ఊడ్వకుండా ఆడనివ్వరు. రాగి, అల్యూమినియం ముక్కలు అయస్కాంతానికి రావు, గాజు రాదు. వాటికి చూపే దిక్కు. కాలికి ఏదైనా గుచ్చుకుంటే కడిగి, ఆ రోజే ఆసుపత్రిలో చూపించి, టీటీ సూది అవసరమా అని అడగండి. షుగరు ఉన్న పెద్దవారు ఎక్కడా ఒట్టికాళ్లతో సాధన చేయవద్దు. పాదానికి స్పర్శ తగ్గి ఉంటే గుచ్చుకున్నది తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది.

బయట నేల మీద, రోడ్డు పక్క మైదానంలో నేర్చుకునేవారికి బూట్లు కావాలి. ఇక్కడే డబ్బు వృథా అవుతుంది. దుకాణంలో అడగగానే ముందు చూపించేది పరుగు బూట్లు, మడమ కింద రెండు వేళ్ల మందాన మెత్తటి సోలు ఉన్నవి. అవి నేరుగా ముందుకు పరిగెత్తడానికి చేసినవి. గత్కాలో పక్కకూ, వెనక్కూ, మూలకూ అడుగు పడుతుంది. ఎత్తైన మెత్తటి మడమ పక్కకు ఒరిగితే చీలమండ బెణుకుతుంది. కావలసింది దీనికి ఎదురు. అడుగు సమంగా, పల్చగా, నేలకు దగ్గరగా ఉండాలి. బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు వేసుకునే రకం అందుకు బాగుంటుంది. స్కూల్లో డ్రిల్లుకు వేసుకునే తెల్ల కాన్వాస్ బూట్లు కూడా చిన్నపిల్లలకు చాలు, తేలిక, చవక, అడుగు సమం. వాటిలో మెత్తదనం తక్కువ కాబట్టి సిమెంటు మీద గెంతులు, దూకుళ్లు మాత్రం చేయించకండి.

బూటును చేతిలో పట్టుకుని చూడండి. వేళ్ల మొదలు దగ్గర వంగాలి, నడిమధ్యలో వంగకూడదు. గుడ్డను పిండినట్టు మెలిపెడితే మెత్తగా తిరిగిపోకూడదు. మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కితే లొంగిపోకూడదు. సాయంత్రం పూట కొనడం మంచిది, రోజంతా నడిచాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. సాధనకు వేసుకునే నూలు సాక్సులతోనే తొడిగి, నిలబడి చూడాలి. పొడుగైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. రెండు పాదాలూ సమంగా ఉండవు, పెద్దదానికి సరిపోయేదే తీసుకోవాలి. వచ్చే ఏడాదికి కూడా పనికివస్తుందని రెండు సైజులు పెద్దది కొని, ముందు గుడ్డలు కుక్కడం మన ఇళ్లలో మామూలు. స్కూలుకు నడిచేటప్పుడు పరవాలేదేమో గాని సాధనకు అది పనికిరాదు. పాదం లోపల జారుతుంటే తిరిగేటప్పుడు బూటు ఒకచోట, కాలు ఒకచోట ఉంటాయి.

మరీ అంటుకుపోయే రబ్బరు సోలుతో ఇంకో చిక్కు ఉంది. ఒంటికాలి మీద గిర్రున తిరిగేటప్పుడు బూటు నేలను వదలకపోతే ఆ మెలిక మోకాలికి వెళ్తుంది. మడమ కొద్దిగా ఎత్తి, పాదం ముందు భాగం మీద తిరగడం మొదటినుంచీ అలవాటు చేయాలి. సోలు అరిగి నున్నగా మెరుస్తుంటే అది జారుతుంది, సాధనకు పక్కన పెట్టేయండి. లేసు రెండు ముడులు వేసి కొసలు లోపలికి దోపాలి.

కొలిమి దగ్గర వేసుకునే ఇనుప ముక్కు బూట్లు అక్కడికే. బరువుకు అడుగు ఆలస్యమవుతుంది, పొరపాటున తన్నితే జోడీదారు కాలి ఎముకకు దెబ్బ. పంజాబీ జుత్తీ అందంగా ఉంటుంది గాని మడమను పట్టదు. హవాయి చెప్పులతో సాధన అసలు వద్దు. కాలేజీకి వెళ్లే అమ్మాయిలకు వెనక పట్టీ ఉన్న సాండల్ మంచిది. ఆత్మరక్షణలో మొదటి పాఠం తప్పించుకుని జనం ఉన్న చోటికి పరిగెత్తడం. కాలినుంచి ఊడిపోయే జోడుతో ఆ పరుగు సగం కూడా రాదు. నెలకోసారి మామూలు బట్టతో వచ్చే రోజున రోజూ వేసుకునే చెప్పులతోనే గురుద్వారా సాహిబ్ గేటు బయట ఇరవై అడుగులు పరిగెత్తించి చూడండి. ఏ చెప్పు ఎక్కడ ఊడిందో పిల్లలే చెబుతారు.

తడిసిన బూట్లను ఎండలో పెట్టకుండా, లోపల పాత పేపరు కుక్కి నీడలో గాలికి ఆరనివ్వండి. సాక్సులు రోజూ ఉతకాలి, లేకపోతే వేళ్ల సందుల్లో పాచిపుండ్లు వస్తాయి. పిల్లల పాదం తొందరగా పెరుగుతుంది, బూటు చిరగకముందే పొట్టిదవుతుంది. గురుద్వారా సాహిబ్ జోడా ఘర్ దగ్గర ఒక పెట్టె పెట్టించి, పొట్టివైనవి కడిగి, ఆరబెట్టి, సోలు మీద సైజు రాసి అందులో వేయమని సంగత్‌కు చెప్పండి. సెషను మొదట్లో, స్కూళ్లు తెరిచే జూన్ నెలలో, ఆ పెట్టె ముందుగా తెరిచి చూసిన తరువాతే దుకాణానికి వెళ్లాలి.